పెట్రోలు ఇంకిన నేలకు గాలి పంపితే

(ఇంజనీరింగ్ విద్యార్థులు, పురపాలక సిబ్బంది, పెట్రోలు బంకుల యజమానులు హాజరైన సభలో ఒక పర్యావరణ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఫ్యాక్టరీ పొగ ఊరంతా చూస్తుంది. కాలవలో మురుగు కలిస్తే చేపలు తేలతాయి, మర్నాడు పేపర్లో వార్త వస్తుంది. బంకు కింద ట్యాంకు కారితే మాత్రం ఎవరికీ తెలియదు. రోజూ స్టాకు లెక్క రాసుకునే మేనేజర్‌కు కూడా కొన్ని నెలలపాటు అనుమానం రాదు. ఎండకు ఆవిరైపోయిందేమో, కొలతలో తేడా వచ్చిందేమో అనుకుంటాడు.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. పైపు జాయింటు దగ్గర సెకనుకు ఒక్క చుక్క రాలుతోందనుకోండి. రోజుకు 4 లీటర్లు దాటుతుంది. ఏడాదికి 1,500 లీటర్ల పైమాటే. మన దేశంలో అమ్మే పెట్రోలులో బెంజీన్ అనే రసాయనం గరిష్ఠంగా 1 శాతం ఉండొచ్చు. అంటే లీటరు పెట్రోలులో 10 మిల్లీలీటర్లు, బరువులో 9 గ్రాముల లోపు. తాగే నీటిలో బెంజీన్ లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఎందుకంటే అది క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయింది. ఈ రెండు అంకెలూ కలిపి చూస్తే, ఒక్క లీటరు పెట్రోలులో ఉన్న బెంజీన్ 8 లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దు దాకా తీసుకెళ్లగలదు. మరి 1,500 లీటర్లంటే ఎంతో మీరే ఊహించుకోండి.

ఇదంతా కాగితం మీద లెక్క కాదు. 2013లో చెన్నై తండయార్‌పేటలో ఏం జరిగిందో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఉత్తర చెన్నైలో అది తెలుగువాళ్లు కూడా చాలామంది ఉండే ప్రాంతం. వీధి కింద వేసిన ఇంధన పైపులైను కారి బోరు నీళ్లలో పెట్రోలియం వాసన మొదలైంది. ఇళ్లలో బోర్లు ఉన్నా వాడుకోలేని పరిస్థితి వచ్చింది. విషయం పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పైపు మరమ్మతు చేయడం తేలికే. అప్పటికే నేలలోకి దిగిపోయిన ఇంధనాన్ని ఏం చేయాలన్నదే అసలు సమస్య. ఈరోజు నేను చెప్పబోయేదంతా దాని గురించే.

కారిన పెట్రోలు తిన్నగా కిందికి దిగుతుంది. దారిలో మట్టి రేణువులకు కొంత అంటుకుని అక్కడే ఉండిపోతుంది. కొంత ఆవిరై మట్టి సందుల్లో నిండుతుంది. మిగిలింది నీటిమట్టం దాకా చేరి, నీటికంటే తేలిక కాబట్టి దాని మీద తేలుతుంది. నీటిమట్టానికి కాస్త పైన, దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు నీరు సన్నని సందుల్లోకి ఎగబాకి ఉంటుంది. పెట్రోలు చేరి నిలిచేది ఆ తడి పట్టీలోనే. ఇక మన దగ్గర ఇంకో చిక్కుంది. వానాకాలం తర్వాత నీటిమట్టం పైకొస్తుంది, మే నెల వచ్చేసరికి కొన్ని మీటర్లు దిగిపోతుంది. నీటితోపాటు ఈ పెట్రోలూ ఏటా పైకీ కిందికీ కదులుతూ, ఆ మధ్య మట్టినంతా పూసేస్తుంది. అలా మట్టికి పట్టిన పెట్రోలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నీటిలో కరుగుతూనే ఉంటుంది.

అందుకే నీళ్లు తోడి శుభ్రం చేద్దామంటే అంతు దొరకదు. మోటారు నడిచినంతసేపు నీరు కాస్త బాగుపడినట్టు కనిపిస్తుంది, ఆపిన కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. తవ్వి మట్టినంతా లారీల్లో తరలిద్దామంటే, ఆ మట్టి మీద బంకు ఉంటుంది, రోడ్డు ఉంటుంది, పక్కింటి పునాది ఉంటుంది. పైగా తరలించిన మట్టిని ఎక్కడో ఒకచోట పోయాలి కదా. అప్పుడు సమస్య ఇంకో ఊరికి మారుతుందంతే.

ఇక్కడ మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. పెట్రోలియాన్ని తిని బతికే బ్యాక్టీరియా దాదాపు ప్రతి నేలలోనూ ఉంటుంది. సూడోమోనాస్, రోడోకాకస్ లాంటి పేర్లు మీలో బయాలజీ చదివినవాళ్లు వినే ఉంటారు. పెట్రోలు చేరిన చోట తట్టుకోలేనివి చచ్చిపోతాయి, దాన్ని ఆహారంగా తీసుకోగలిగినవి పెరుగుతాయి. కొద్ది వారాల్లోనే వాటి సంఖ్య విపరీతంగా పెరుగుతుంది. అవి బెంజీన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా విడగొట్టేస్తాయి.

మరి అవే అంత పని చేస్తుంటే ఇంత గొడవ దేనికి అంటారా? వాటికి ఊపిరాడదు. ఒక గ్రాము పెట్రోలియాన్ని పూర్తిగా విడగొట్టడానికి సుమారు మూడున్నర గ్రాముల ఆక్సిజన్ కావాలి. మొదటి కొన్నాళ్లలోనే చుట్టుపక్కల మట్టిలో ఉన్న ఆక్సిజనంతా అవి వాడేసుకుంటాయి. మామూలు నేలలో, వేళ్లు తగిలే లోతులో, మట్టి సందుల్లోని గాలిలో 20 శాతం దగ్గరగా ఆక్సిజన్ ఉంటుంది. పెట్రోలు ఇంకిన చోట బోరు దించి మీటరు పెడితే 1, 2 శాతం కూడా చూపించదు. ఒక్కోసారి సున్నా. ఆ చీకట్లో ఆక్సిజన్ లేకుండా బతికే వేరే రకం బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది గానీ, అది చాలా నెమ్మది.

ఎంత నెమ్మదో చెప్పడానికి ఒక చోటుంది. అమెరికాలో మినసోటా రాష్ట్రం బెమిడ్జీ ఊరి దగ్గర 1979 ఆగస్టు 20న ముడిచమురు పైపులైను పగిలింది. సుమారు 17 లక్షల లీటర్లు కారింది. వీలైనంత తోడేశారు, కాల్చేశారు. ఇంకా నాలుగో వంతు దాకా నేలలోనే మిగిలింది. ఆ దేశ జియలాజికల్ సర్వే వాళ్లు 1980ల మొదట్నుంచీ అక్కడ పరిశోధన చేస్తున్నారు. బెంజీన్ ఎంత దూరం పాకుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎవరు తింటున్నారు అన్నది ప్రపంచానికి ఎక్కువగా తెలిసింది అక్కడి నుంచే. బ్యాక్టీరియా వల్ల ఆ బెంజీన్ పాకడానికి ఒక హద్దు ఏర్పడిందని తేలింది. కానీ 40 ఏళ్లు దాటినా చమురు మాత్రం ఇంకా అక్కడే ఉంది. అది అడవి కాబట్టి ఆగగలిగారు. మన వీధిలో బోరు పక్కన 40 ఏళ్లు ఆగలేం.

కాబట్టి ఆక్సిజన్ ఎలా పంపాలన్నదే ప్రశ్న అయింది. మొదట అందరికీ తట్టింది నీళ్లే. ఆక్సిజన్ కలిపిన నీటిని లోపలికి పంపుదామనుకున్నారు. పెన్సిల్వేనియాలోని ఆంబ్లర్‌లో పెట్రోలు పైపులైను కారినప్పుడు, సన్ ఆయిల్ కంపెనీలో పనిచేసిన రిచర్డ్ రేమండ్ బృందం 1972లో బావుల ద్వారా గాలినీ, ఎరువుల్లాంటి పోషకాలనూ భూగర్భజలంలోకి పంపింది. 1974లో ఆ పద్ధతికి పేటెంట్ కూడా వచ్చింది. నేలలో ఉన్న బ్యాక్టీరియాతోనే, నేలను తవ్వకుండానే శుభ్రం చేయొచ్చని చూపించిన తొలి పెద్ద పని అది.

అయితే నీటికి ఒక హద్దుంది. లీటరు నీటిలో మామూలు గాలి నుంచి కరిగే ఆక్సిజన్ 8 మిల్లీగ్రాములే. ఇందాకటి 1,500 లీటర్ల పెట్రోలునే తీసుకోండి. బరువు 1,100 కిలోలు. దానికి సుమారు 3,900 కిలోల ఆక్సిజన్ కావాలి. ఆ ఆక్సిజన్‌ను నీళ్లతో పంపాలంటే 48 కోట్ల లీటర్ల నీరు పంపాలి. ఒక చిన్న బంకు కింద ఇది అయ్యే పనేనా? పోనీ హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే ఆక్సిజన్ ఎక్కువొస్తుంది కదా అని 1980ల్లో ఆ ప్రయోగమూ చేశారు. మట్టిలోకి వెళ్లగానే అది బావి దగ్గరే విడిపోయి బుడగలై పోయింది. అందాల్సిన చోటికి అందలేదు.

అదే గాలి సంగతి చూడండి. ఘనపు మీటరు గాలిలో 270 గ్రాముల పైచిలుకు ఆక్సిజన్ ఉంటుంది. నీటితో పోలిస్తే లీటరుకు లీటరు 30 రెట్లకు పైగా ఎక్కువ. పైగా మట్టి సందుల్లో నీరు పారడానికి పడే కష్టం గాలికి లేదు. ఇందాకటి 3,900 కిలోలకు 14,000 ఘనపు మీటర్ల గాలి చాలు. గంటకు 10 ఘనపు మీటర్లు ఇచ్చే చిన్న బ్లోయర్ రెండు నెలల్లో అంత గాలి పంపేస్తుంది. పంపిన గాలిలోని ఆక్సిజనంతా బ్యాక్టీరియాకు అందదు కాబట్టి నిజంగా ఏళ్లు పడుతుంది. అయినా 48 కోట్ల లీటర్ల నీళ్లతో పోలిస్తే ఈ లెక్క ఎంత తేడాగా ఉందో చూడండి. ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన లెక్క ఇదే. ఒక తరం ఇంజనీర్లను నీటి నుంచి గాలి వైపు మళ్లించింది ఇదే.

ఆ మళ్లింపు గట్టిగా రుజువైంది యూటా రాష్ట్రంలోని హిల్ వైమానిక స్థావరంలో. 1985 జనవరిలో అక్కడ భూగర్భ ట్యాంకు నిండి పొర్లి, సుమారు లక్ష లీటర్ల జెట్ ఇంధనం నేలపాలైంది. 1988 డిసెంబరులో బావులు వేసి మట్టిలోని ఆవిరిని పీల్చడం మొదలుపెట్టారు. ఉద్దేశం ఇంధనాన్ని ఆవిరి రూపంలో లాగేయడమే. అయితే బయటికొచ్చే గాలిని పరీక్షించినవాళ్లకు ఒక సంగతి తట్టింది. అందులో ఆక్సిజన్ తగ్గి ఉంది, కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఉంది. అంటే లోపల ఎవరో ఊపిరి తీసుకుంటున్నారన్నమాట. ఆవిరిని లాగేద్దామని పీల్చిన గాలి, దానంతటదే కొత్త ఆక్సిజన్‌ను లోపలికి తీసుకెళ్తోంది. అప్పుడు వాళ్లు గాలి జోరు తగ్గించారు. ఎండు ప్రాంతం కాబట్టి కాస్త తేమ అందించారు. దాంతో ఆవిరై పోయేది తగ్గి, నేలలోనే బ్యాక్టీరియా తినేసేది ఎక్కువైంది. బయటికొచ్చే ఆవిరిని కాల్చే యంత్రానికయ్యే పెద్ద ఖర్చు కూడా దాంతో తగ్గిపోతుంది. దీనికే బయోవెంటింగ్ అని పేరొచ్చింది. 1990ల్లో అమెరికా వైమానిక దళం తన స్థావరాల్లో వందకు పైగా చోట్ల ఈ పద్ధతిని పరీక్షించింది. బెంజీన్ లాంటి తేలిక పదార్థాలు త్వరగా పోయాయి, బరువైనవి నెమ్మదిగా తగ్గాయి. అలాస్కాలో ఐయెల్సన్ స్థావరం దగ్గర, మంచు దేశంలో కూడా నేలలో ఈ పని ఆగలేదు. మన నేల లోపల ఏడాది పొడవునా వెచ్చగానే ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ బ్యాక్టీరియా వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఆ విషయంలో మనం అదృష్టవంతులం.

ఇక పద్ధతుల్లోకి వద్దాం. నీటిమట్టానికి పైన ఉన్న మట్టికి మెల్లగా గాలి పంపితే అది బయోవెంటింగ్. అదే మట్టి నుంచి జోరుగా గాలిని పీల్చి ఆవిరిని బయటికి లాగితే సాయిల్ వేపర్ ఎక్స్‌ట్రాక్షన్. నీటిమట్టానికి కింద, నీళ్లలోకే గాలి కొడితే ఎయిర్ స్పార్జింగ్. ఈ స్పార్జింగ్ జర్మనీలో 1980ల మధ్యలో మొదలైంది. గాలి నీటిలోంచి పైకొస్తూ కరిగిన బెంజీన్‌ను తనతో తీసుకెళ్తుంది, నీటికి ఆక్సిజన్ ఇస్తుంది. పైకి చేరిన ఆవిరిని పైన ఇంకో బావితో పీల్చుకోవాలి. డీజిల్, కిరోసిన్, జెట్ ఇంధనానికి మెల్లని గాలి బాగుంటుంది. పెట్రోలు త్వరగా ఆవిరయ్యేది కాబట్టి పీల్చే బావి కూడా ఉండి తీరాలి.

స్పార్జింగ్ బావి ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. సన్నని పీవీసీ లేదా ఇనుప పైపు దించుతాం. అడుగున అరమీటరో మీటరో మాత్రమే గాట్లు ఉంటాయి, మిగతాదంతా గట్టి పైపు. గాట్ల చుట్టూ శుభ్రమైన ఇసుక పోస్తాం. దానిమీద బెంటోనైట్ బంకమట్టి ముద్ర, ఆపైన నేలదాకా సిమెంటు గ్రౌటు. ఆ ముద్ర సరిగా పడకపోతే గాలి మట్టిలోకి వెళ్లకుండా పైపు గోడ వెంబడే పైకి తన్నుకొస్తుంది. మీటర్లో గాలి పోతున్నట్టే కనిపిస్తుంది, నేలకు అందేది శూన్యం.

ఇప్పుడు ఒత్తిడి చూడండి. నీటిమట్టం 4 మీటర్ల లోతున ఉంది, గాట్లు 8 మీటర్ల దగ్గర ఉన్నాయనుకోండి. పైపులో ఉన్న 4 మీటర్ల నీటిని నెట్టడానికే 0.4 బార్ కావాలి (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). ఇసుకలోకి దూరడానికి ఇంకొంచెం. మొత్తం అర బార్ చుట్టుపక్కల సరిపోతుంది. పైన ఉన్న మట్టి బరువు ఒకటిన్నర బార్‌కు సమానం. దాన్ని దాటితే నేల చీలుతుంది. పంచర్ షాపులో కంప్రెసర్ 7, 8 బార్ ఇస్తుంది. దాన్ని తెచ్చి రెగ్యులేటర్ లేకుండా తగిలిస్తే మట్టి పగిలి, ఆ పగులు గుండానే గాలంతా పోతుంది. ఒకసారి పగిలిన నేలను మళ్లీ అతికించలేం. ఇంకో మాట. మామూలు కంప్రెసర్‌లో లూబ్రికేషన్ ఆయిల్ ఉంటుంది, ఆ ఆయిల్ తుంపర గాలితోపాటు వస్తుంది. నూనె తీయడానికి వేసిన బావిలోకి మనమే నూనె పంపినట్టవుతుంది. అందుకే ఆయిల్‌ఫ్రీ రకమే వాడాలి.

నీళ్లలోకి గాలి పంపితే బుడగలు బుడగలుగా అంతటా పాకుతుందని చాలామంది అనుకుంటారు. చేపల తొట్టెలో చూసిన దృశ్యం మనసులో ఉంటుంది. ముతక గులకలో అలాగే జరుగుతుంది. మామూలు ఇసుకలో మాత్రం గాలి సన్నని దారులు చేసుకుని ఆ దారుల్లోనే పైకి పోతుంది. 1990ల్లో గాజు పూసలు నింపిన తొట్టెల్లో చేసిన ప్రయోగాలు దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించాయి. దారికి దారికి మధ్య ఉన్న నీటికి ఆక్సిజన్ నెమ్మదిగా వ్యాపించి చేరాల్సిందే. ఆ ఇసుక మధ్యలో చిన్న బంకమట్టి పొర ఉంటే గాలి దాన్ని దాటలేక పక్కకు పాకుతుంది, పదుల మీటర్ల దూరంలో ఎక్కడో పైకి లేస్తుంది. అక్కడెవరిదో ఇల్లుంటుంది. అందుకే స్పార్జింగ్‌ను ఏకధాటిగా నడపం, కొన్ని గంటలు నడిపి కొన్ని గంటలు ఆపుతాం. ఆపినప్పుడు దారులు మూసుకుపోయి నీరు కదులుతుంది, మళ్లీ నడిపినప్పుడు గాలి కొత్త దారులు వెతుక్కుంటుంది.

ఇంతకీ లోపల నిజంగా పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది? దానికి చక్కని పరీక్ష ఉంది, ఖర్చు కూడా తక్కువే. కలుషితమైన చోట సన్నని గొట్టం దించి, కొంచెం హీలియం కలిపిన గాలిని ఒక రోజు పంపుతాం. తర్వాత బ్లోయర్ కట్టేసి, కొన్ని గంటలకోసారి లోపలి గాలి తీసి ఆక్సిజన్ ఎంతుందో రాసుకుంటాం. ఉదాహరణకు సాయంత్రం 6 గంటలకు 20 శాతం ఉంది. మర్నాడు అదే వేళకు 10 శాతం, ఆ మర్నాడు 2 శాతం. అదే సమయంలో శుభ్రమైన నేలలో పెట్టిన గొట్టం 20 నుంచి 19 దగ్గర ఆగింది. హీలియం తగ్గకుండా ఉందంటే గాలి బయటికి కారిపోలేదు, ఆక్సిజన్‌ను ఎవరో వాడుకున్నారని అర్థం. రోజుకు 10 శాతం తగ్గితే, కిలో మట్టికి 0.2 లీటర్ల గాలి ఉందనుకుంటే, రోజుకు కిలో మట్టిలో 7, 8 మిల్లీగ్రాముల ఇంధనం పోతోందని లెక్క తేలుతుంది. ఆ మట్టిలో కిలోకు 3,000 మిల్లీగ్రాములు ఉంటే అదే వేగంతోనైనా ఏడాదికి పైనే పడుతుంది. నిజానికి వేగం రానురాను తగ్గుతుంది. అందుకే ఎవరైనా మూడు నెలల్లో మొత్తం క్లీన్ చేసి ఇస్తామంటే నమ్మకండి. అంకెలు అడగండి.

అలాగే డబ్బాల్లో, సంచుల్లో బ్యాక్టీరియా అమ్మేవాళ్లు వస్తారు. నేలమీద పరిచి దున్నగలిగే చమురు బురదకు కొన్నిసార్లు అవి బాగా పనిచేస్తాయి. టెరీ అనే పరిశోధన సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్ అనే బ్యాక్టీరియా మిశ్రమాన్ని మన దేశంలో చమురు బావుల దగ్గర బురద శుభ్రం చేయడానికి వాడారు, అది మంచి పని. మన దేశంలో పుట్టిన శాస్త్రవేత్త ఆనంద మోహన్ చక్రవర్తి చమురు తినే బ్యాక్టీరియాను తయారుచేయడం, దానికి పేటెంట్ ఇవ్వొచ్చని 1980లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పడం మనందరికీ గర్వకారణమే. కానీ 6 మీటర్ల లోతున, మట్టి సందుల్లో, బయటి నుంచి పోసిన బ్యాక్టీరియా కొద్ది దూరం కూడా పాకదు. అక్కడ పుట్టి పెరిగినవి ఇప్పటికే కోట్లల్లో ఉన్నాయి. ఆ డబ్బు ముందు బ్లోయర్ కరెంటు బిల్లుకూ, నీటి పరీక్షలకూ పెట్టండి. అమెరికాలో ఫ్లోరిడాలోని టిండల్ వైమానిక స్థావరంలో ఎరువులు కలిపి చూసినప్పుడు కూడా చెప్పుకోదగ్గ లాభమేమీ కనిపించలేదు. ఆ నేలలో ఉన్నవే సరిపోయాయి.

గాలి పంపకూడని చోట్లు కూడా ఉన్నాయి, అవి ఇంకా ముఖ్యం. బావిలో గొట్టం దించితే నీటి మీద పెట్రోలు పొర తేలుతూ కనిపిస్తోందా? ముందు దాన్ని తోడేయాలి. తోడకుండా కింద నుంచి గాలి కొడితే ఆ పొర పక్కలకు నెట్టుకుపోతుంది, కుప్పలుగా ఆవిరవుతుంది. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతం చేరితే నిప్పు అంటుకునే స్థితి వచ్చేస్తుంది. సెల్లార్లు, లిఫ్టు గుంతలు, డ్రైనేజీ మ్యాన్‌హోళ్లు, సంపులు, అన్నిటిలోకీ ఆ ఆవిరి చేరగలదు. కాబట్టి పంపే గాలికంటే పీల్చే గాలి ఎక్కువుండాలి. చుట్టుపక్కల ఇళ్లలో గ్యాస్ మీటరుతో రోజూ చూడాలి. పీల్చే బ్లోయర్ ఆగితే పంపే కంప్రెసర్ కూడా దానంతటదే ఆగిపోయేలా వైరింగ్ ఉండాలి. మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ఈ చివరి మాట మరీ ముఖ్యం. ఈ జాగ్రత్తలేవీ లేకుండా జనం ఉండే చోట గాలి కొట్టడం కంటే, కొట్టకుండా ఊరుకోవడమే మేలని నా అభిప్రాయం.

మన నేలల సంగతి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో, తీరం వెంట ఇసుక పొరల్లో గాలి బాగా నడుస్తుంది. కాకపోతే నీటిమట్టం చాలా పైనే ఉంటుంది, పీల్చే బావికి చోటు మిగలదు. అలాంటి చోట అడ్డంగా గాట్ల పైపులు వేస్తారు. నల్లరేగడి తడిసినప్పుడు దానిలోకి గాలి దూరదు. ఎండాకాలంలో పగుళ్లు తీస్తే గాలంతా పగుళ్లలోంచే పోతుంది, మట్టి గడ్డ లోపలికి చేరదు. హైదరాబాద్ చుట్టుపక్కల మొరం కింద పగుళ్ల రాయి ఉంటుంది. పెట్రోలు ఆ పగుళ్లలోకి దిగితే ఎటు పోయిందో కనుక్కోవడమే పెద్ద పని. ఈ మూడు నేలలకూ ఒకే డిజైను పనికిరాదు. ముందు ఒక బావితో కొన్ని వారాలు చిన్న పైలట్ పరీక్ష చేయాలి, ఆ తర్వాతే మిగతా బావుల సంఖ్య తేల్చాలి.

ఇంకో కొత్త విషయం ఇథనాల్. ఇప్పుడు మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. బ్యాక్టీరియాకు బెంజీన్ కంటే ఇథనాల్ తేలిగ్గా అరిగే తిండి. ముందు దాన్ని తింటుంది, ఉన్న ఆక్సిజన్ దానికే ఖర్చయిపోతుంది, బెంజీన్ వంతు ఆలస్యంగా వస్తుంది. ఆలోగా ఆ బెంజీన్ ఇంకొంత దూరం పాకుతుంది. దీనిమీద బ్రెజిల్‌లో మంచి పరిశోధన జరిగింది, వాళ్లు మనకంటే చాలా ముందే ఇథనాల్ కలపడం మొదలుపెట్టారు కదా. బంకుల దగ్గర పరిశీలన బావులు వేసేటప్పుడు మనం ఈ సంగతి లెక్కలోకి తీసుకోవాలి. అలాగే ఆక్సిజన్ లేని నీటిలో ఇనుము కరిగి ఉంటుంది. గాలి తగలగానే అది ఎర్రటి తుక్కుగా మారి బావి గాట్లను మూసేస్తుంది. నడిచే బావి ఉన్నట్టుండి ఒత్తిడి ఎక్కువ చూపిస్తే మొదట ఇదే అనుమానించాలి.

ఎప్పుడు ఆపాలి? బ్లోయర్ నడుస్తుండగా నీరు శుభ్రంగా వచ్చిందని ఆపేసి, రిపోర్టు రాసేసి వెళ్లిపోవడం ఈ రంగంలో తరచూ జరిగే తప్పు. యంత్రాలన్నీ కట్టేసి కొన్ని నెలలు ఆగాలి. ఒక వానాకాలమూ ఒక వేసవీ దాటించి, నీటిమట్టం పైకొచ్చినప్పుడూ కిందికి పోయినప్పుడూ మళ్లీ పరీక్ష చేయాలి. అప్పటికీ బెంజీన్ పెరగకపోతే అప్పుడు ఆపినట్టు. అమెరికాలో భూగర్భ ట్యాంకుల మీద 1984లో చట్టం వచ్చింది. అప్పటినుంచి అక్కడ 5 లక్షలకు పైగా లీకులు బయటపడ్డాయి, ఎక్కువ భాగం శుభ్రం చేశారు కూడా. చట్టం వచ్చాకే, వెతికాకే అన్ని దొరికాయి. మన దేశంలో 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. కాలుష్యానికి కారణమైనవారే శుభ్రత ఖర్చు భరించాలని అవి చెబుతున్నాయి. పురపాలక సిబ్బందికి నా విన్నపం ఒకటే. ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా, పాత బంకుల చుట్టూ ఉన్న బోర్లను ఏడాదికోసారైనా పరీక్షించండి.

చివరిగా, మీ బోరులో పెట్రోలు వాసన వస్తే ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. ఆ నీళ్లు తాగొద్దు, వంటకు వాడొద్దు. కాచి తాగొచ్చు అనుకోవద్దు, కాచినప్పుడు ఆ బెంజీన్ మీ వంటగదిలోకే వస్తుంది. వేడి చేసి స్నానానికీ వాడొద్దు. సంపు మూత తీసి గాలాడనివ్వండి, దాని దగ్గర అగ్గిపుల్ల వెలిగించొద్దు, స్విచ్చులు వేయొద్దు. నీటి నమూనాను ప్లాస్టిక్ సీసాలో పట్టొద్దు. ల్యాబు వాళ్లు ఇచ్చే 40 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసాలో, పైన ఒక్క గాలి బుడగ కూడా మిగలకుండా అంచుదాకా నింపి మూత బిగించాలి. తలకిందులు చేసి చూడండి, బుడగ కనిపిస్తే మళ్లీ నింపండి. ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు పంపండి. బెంజీన్, టోలువీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్ నాలుగూ పరీక్షించమని కాగితం మీద రాసి ఇవ్వండి. మామూలు తాగునీటి పరీక్షలో అవి ఉండవు. రిపోర్టు కాపీతో కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, వాసన మొదలైన తేదీ, మీ బోరు లోతు, పక్క బోర్ల దూరం అందులో తప్పకుండా రాయండి.

ప్రశ్నలుంటే అడగండి.